రథం వెనక

నడక గురించి ముచ్చటగా రాసేవాళ్లలో ఎక్కువమంది రాసేది ఒంటరి నడక గురించే. పొద్దున్నే లేచి, ఎవరితోనూ చెప్పకుండా, కాళ్లు ఎటు లాగితే అటు పోవడం. మలుపు అవతల ఏముందో చూడాలనిపిస్తే చూడటం, లేకపోతే చెట్టు కింద కూలబడటం. అలా నడిస్తే మనసులోని చిక్కులు వాటంతటవే విడిపోతాయని కూడా చెబుతారు. ఆ నడక మీద నాకు కోపమేమీ లేదు. అయితే ఏటా ఆషాఢ ఏకాదశికి పండరిపురం విఠోబా దగ్గరకు సాగే వారీ అనే యాత్రలో, పుణె నుంచి సంత్ జ్ఞానేశ్వరుల పాదుకల పల్లకి వెంట కొన్నాళ్లు నడిచాక, నడకలో పూర్తిగా ఇంకో రకం ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇందులో దారి మీరు ఎంచుకోరు. వేగం మీ చేతిలో ఉండదు. ఎప్పుడు లేవాలి, ఎక్కడ ఆగాలి, ఏ వారం ఏ పాట పాడాలి, మీకు ముందు ఎవరు, వెనక ఎవరు, అన్నీ రెండు వందల ఏళ్ల కిందటే ఒకాయన తేల్చేసి వెళ్లిపోయాడు. ఆయన మఠాధిపతి కాదు, పండితుడూ కాదు. సింధియాల కొలువులో సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి.

ఆయన పేరు హైబత్‌రావు బాబా. సాతారా వైపు ఆర్ఫళ్ అనే ఊరివాడు. పండరి యాత్ర ఆయనకంటే ఎంతో పాతది. 1296లో ఆళందిలో సమాధి పొందిన జ్ఞానేశ్వరుడి తండ్రి కూడా ఏటా పండరికి నడిచేవాడని సంప్రదాయం చెబుతుంది. పల్లకి మాత్రం తర్వాతి సంగతి. సంత్ తుకారాం కొడుకు నారాయణ మహారాజ్ 1685లో దేహూ నుంచి తండ్రి పాదుకల్ని, ఆళంది నుంచి జ్ఞానేశ్వరుల పాదుకల్ని ఒకే పల్లకిలో ఉంచి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. తరాలు గడిచాక ఆ వంశంలో మర్యాదల మీద తగాదాలు వచ్చాయి. 1830ల్లో హైబత్‌బాబా జ్ఞానేశ్వరుల పల్లకిని విడిగా కదిలించాడు. బెళగావి వైపు అంకలి ఊళ్లో ఉండే శితోళే సర్దార్లు ఆయనకు అండగా నిలిచి గుర్రాలు ఇచ్చారు. ఇప్పటికీ గుర్రాలు అక్కడి నుంచే వస్తాయి, ఆళంది దాకా నడుచుకుంటూ.

సైనికుడి చేతిముద్ర ఎక్కడ కనిపిస్తుందంటే, వరసలో. ఒక ఊరివాళ్లో ఒకే గురుపరంపరవాళ్లో కలిసి నడిచే జట్టును దిండీ అంటారు. ముందు కాషాయ జెండాలు, ఆ వెనక తాళాలవాళ్లు, వాళ్ల మధ్య మృదంగం, వీణ మెడలో వేసుకున్న పెద్ద, చివర తులసి కోటలు, నీళ్ల బిందెలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు. ప్రతి దిండీకి ఒక నంబరు. పాదుకల పల్లకిని ఉంచిన వెండి రథానికి ముందు నడిచేవి 27, వెనక నడిచేవి వందల్లో. వేకువనే బూర మూడుసార్లు మోగుతుంది. మొదటిదానికి మూటలు కట్టాలి, రెండోదానికి వరసలో నిలబడాలి, మూడోదానికి కదలాలి. మీరు ఆ ఉదయం ఆలోచనల్లో మునిగి ఉన్నారా, నీరసంగా ఉన్నారా అని బూర అడగదు.

జ్యేష్ఠ బహుళ అష్టమికి ఆళందిలో బయలుదేరిన పల్లకి పుణెకు వచ్చి రెండు రాత్రులు ఉంటుంది. జ్ఞానేశ్వరుల పల్లకి భవానీ పేట విఠోబా గుళ్లో, తుకారాం పల్లకి నానా పేట గుళ్లో. నగరంలో ఇన్నేళ్లుగా ఉంటున్నా ఆ రెండు రోజుల పుణె నాకు కొత్తగానే కనిపిస్తుంది. బడులు సెలవిచ్చి వరండాలు ఖాళీ చేస్తాయి. మంగళ్లు రోడ్డు పక్క కుర్చీ వేసి ఉచితంగా గడ్డాలు గీస్తారు. చెప్పులు కుట్టేవాళ్లు తెగిన పట్టీలు కుట్టి పంపుతారు. కాళ్లకు నూనె రాసి ఒత్తే కుర్రాళ్లు, మాత్రలు పంచే డాక్టర్లు, అరటిపండ్లు, బిస్కెట్లు, టీ. మామూలు రోజుల్లో పల్లె నుంచి వచ్చినవాణ్ని కాస్త పక్కకు జరగమనే నగరం, ఆ రెండు రోజులు వాడికి వంగి దండం పెడుతుంది. నాకిది వేషంలా అనిపించలేదు. అలాగని మూడో రోజుకి మిగులుతుందనీ అనుకోను.

ఒక బడి వరండాలో కూర్చున్న పెద్దావిడ నన్ను ఏ ఊరని అడిగింది. హైదరాబాద్ అన్నాను. "అయితే నిజాం వాళ్లే. మా మామగారి కాలంలో మేమూ నిజాం వాళ్లమే నాయనా" అంది. పర్భణీ జిల్లా గంగాఖేడ్ ప్రాంతం వాళ్లది, సంత్ జనాబాయి పుట్టిన చోటు. మరాఠ్వాడా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమని నాకు పుస్తకాల్లో చదివి తెలుసు. ఆవిడ మాట్లాడిన తీరు మాత్రం ఒకే వీధిలో వెనకటి కాపురం గురించి చెప్పుకుంటున్నట్టు ఉంది. ఆ చుట్టరికంతోనే వాళ్ల దిండీ పెద్ద నన్ను వరసలో చేర్చుకున్నాడు. భోజనాలకు ఇంత అని తల ఒక్కింటికి కట్టాలి. కట్టించుకుని, పుస్తకంలో రాసుకుని, చేతికి తాళాల జత ఇచ్చాడు. తాళం పట్టుకోవడం రాకపోలేదు. మా వైపు పల్లెల్లో పండరి భజన చూస్తూ పెరిగినవాణ్ని. గుండ్రంగా నిలబడి, అడుగు మారుస్తూ, వంగి లేస్తూ తాళాలు వాయించే ఆ భజన ఏ ఊరి పేరు మోస్తోందో ఆ ఊరికే పోతున్నానని నాకు నానా పేట దాటాక గాని తోచలేదు. తెలుగువాళ్లకు పండరి తెనాలి రామకృష్ణుడి కావ్యంలోంచీ, ఎన్టీఆర్ పుండరీకుడిగా వేసిన 1957 నాటి సినిమాలోంచీ వచ్చింది. ఇటుక మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్న దేవుడు మన ఇళ్లలోనూ ఉన్నాడు. దారి మాత్రం మనకు రాలేదు.

హడప్సర్ దగ్గర రెండు పల్లకిలూ విడిపోతాయి. తుకారాం పల్లకి సోలాపూర్ రోడ్డు పట్టుకుని లోణీ కాళ్‌భోర్ మీదుగా పోతుంది. మాది కుడివైపు, ఫుర్సుంగి, వడ్కీ దాటి దివే ఘాట్ ఎక్కి సాస్వడ్ చేరాలి. మొత్తం దారిలో ఇదే పెద్ద మజిలీ, ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఫ్లైఓవర్లు, అపార్టుమెంట్లు, గిడ్డంగులు ఎంతసేపటికీ తెగవు. నగరం అయిపోయిందని ఎవరూ చెప్పరు. ఎక్కడో ఒకచోట పాదాల పక్కన మట్టి కనిపిస్తుంది, అంతే. ఆ రోజు మాతో ఐటీ ఆఫీసుల వాళ్లు వేలల్లో ఉన్నారు, తెల్లటి టోపీలు, ఖరీదైన బూట్లు. ఘాట్ ఎక్కి సాస్వడ్‌లో బస్సు పట్టుకుని రాత్రికి ఇళ్లకు పోతారు. వాళ్లను తక్కువగా చూడటం తేలిక. కానీ రెండు వారాలు సెలవు దొరకనివాడు ఒక్కరోజు వచ్చాడంటే దాని విలువ దానిదే.

వేగం గురించి నాకు బుద్ధి వచ్చింది ఈ మజిలీలోనే. నగరంలో నడిచేవాడికి ఒక అలవాటు ఉంటుంది, ముందున్నవాణ్ని దాటడం. అది ఆలోచించి చేసేది కాదు. ముందు నెమ్మదైన వీపు కనిపిస్తే భుజం పక్కకు తిరిగిపోతుంది. వడ్కీ దగ్గర నేనూ అలాగే దాటుకుంటూ పోయాను. ఇరవై అడుగులు వేశానో లేదో, మా దిండీ పాట వెనకబడి ముందు దిండీ పాట మీదపడింది. దాని లయ వేరు. నా చేతిలో తాళం ఒకటి కొడుతోంది, చెవిలో ఇంకొకటి మోగుతోంది, కాళ్లకు ఏది వినాలో తెలియలేదు. ఆ దిండీవాళ్లు చిరాకు పడలేదు. ఒకాయన నవ్వి, "మావులీ, మీవాళ్లు వెనక" అన్నాడు. అక్కడ అందరూ అందర్నీ పిలిచే పిలుపు అదే. పోలీసు కూడా లాఠీ చూపించి "జరగండి మావులీ" అంటాడు.

అంటే త్వరగా నడిస్తే త్వరగా చేరడం ఇక్కడ కుదరదు. త్వరగా నడిస్తే ఇంకొకరి పాటలోకి పోతారు, అంతే. ఇది అర్థమయ్యాక శరీరానికి ఇంకో కష్టం తెలిసింది, ఆగడం. రథం ఆగితే అందరూ ఆగాలి. ఊరివాళ్లు పాదుకలకు దండలు వేసేదాకా, అడ్డం పడ్డ వాటర్ ట్యాంకర్ తప్పుకునేదాకా ఎండలోనో వానలోనో నిలబడటమే. నడకకంటే నిలబడటమే మోకాళ్లకు బరువు. కానీ దిండీ ఆగినంత మాత్రాన పాట ఆగదు. నిలబడ్డ చోటే అడుగు ముందుకు, అడుగు వెనక్కు వేస్తూ పాడతారు. దూరం తరగదు, పాడుతున్న అభంగం మాత్రం ముందుకు పోతుంది. డెబ్బై దాటిన ఆ గంగాఖేడ్ ఆవిడ పొద్దుట్నుంచీ నెత్తిన తులసి కోటతో అలసిపోకుండా ఎలా నడుస్తోందో నాకు అప్పుడు కొంత తెలిసింది. ఆవిడ నడక ఆవిడ ఒక్కదాని బలం మీద సాగడం లేదు. ముందు తాళం, వెనక తాళం ఎత్తిన అడుగును దింపిస్తున్నాయి, దింపిన అడుగును ఎత్తిస్తున్నాయి. ఊడుపులప్పుడు పాట ఎత్తుకున్న కూలీల బంతిలో ముసలమ్మ కూడా వెనకబడదు చూడండి, అలాగ.

దివే ఘాట్‌లో రథానికి అదనంగా ఎడ్ల జతలు కడతారు. మొదటి మలుపులో వెనక్కి చూస్తే కింద మస్తానీ చెరువు, దాని అవతల మసక మసగ్గా పుణె. జనం ఘాట్ పొడవునా ఉన్నారు. ఈ దృశ్యాన్నే ఏటా పేపర్లలో పై నుంచి తీసి వేస్తారు. పై నుంచి చూసినవాళ్లకు అది నది. లోపల ఉన్నవాడికి కనిపించేవి నాలుగు వీపులు, ఒక జెండా కర్ర.

సాస్వడ్ దాటాక పల్లె మొదలైంది. సాస్వడ్‌లో జ్ఞానేశ్వరుడి తమ్ముడు సోపానుడి సమాధి ఉంది. చుట్టుపక్కల పురందర్ తాలూకా అంజూర తోటలు, సీతాఫలం తోటలు. జేజురీలో ఖండోబా గుడి పసుపు రోడ్డుదాకా ఎగిరి వచ్చి టోపీల మీద పడింది. వాల్హే వాల్మీకిదని అక్కడివాళ్ల నమ్మకం. నీరా నదిలో పాదుకలకు స్నానం. తూర్పుకు పోయేకొద్దీ సహ్యాద్రి వాన వెనకబడిపోతుంది. ఘాట్‌లో తడిసినవాళ్లం లోణంద్ దాటేసరికి ఆకాశం కేసి చూస్తున్నాం. రైతులు ఊరికే చూడటం లేదు. వాళ్లలో చాలామంది తొలకరికి విత్తనం వేసి వచ్చారు. ప్రతి రాత్రి ఫోన్‌లో మొదటి ప్రశ్న వాన గురించే. నేల మొలక ఎత్తిందని తెలిసిన రోజు మా వీణ పెద్ద గొంతు రెండు మెట్లు పైకి లేచింది. భక్తిని, సేద్యాన్ని విడివిడిగా చూడటం నాకే అలవాటు. ఆయనకు అలాంటి గీత ఉన్నట్టు లేదు.

ఫోటోలన్నీ రింగణ్‌కు దక్కుతాయి. చాందోబాచా లింబ్ దగ్గర రోడ్డు మీదే మొదటి రింగణ్. జనం రెండు వరసలుగా విడిపోతారు. రౌతు ఎక్కని గుర్రం మధ్యలోంచి పరుగెడుతుంది. దాని మీద జ్ఞానేశ్వరుడున్నాడని వాళ్ల నమ్మకం. గిట్టల కింది మట్టి నుదుటికి రాసుకుంటారు. ఆ తర్వాత ముసలీ ముతకా పిల్లలై ఫుగ్డీ తిరుగుతారు. బాగానే ఉంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఎవరూ ఫోటో తీయని సాయంత్రపు పని.

మజిలీ చేరాక పల్లకి చుట్టూ దిండీలన్నీ చేరి తాళాలు మోగిస్తూనే ఉంటాయి. చెవులు దిమ్మెత్తే మోత. అప్పుడు వరసల్ని అదుపులో ఉంచే చోప్‌దార్ చేతిలోని వెండి కర్ర పైకి ఎత్తుతాడు. ఒక్కసారిగా అంతా ఆగిపోతుంది. అన్ని వేలమంది అంత త్వరగా నోరు మూసుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు, మైకులున్న సభల్లో కూడా. ఏ దిండీకైనా ఫిర్యాదు ఉంటే వాళ్లు మాత్రం ఆపరు. ఆ నిశ్శబ్దంలో వాళ్ల తాళాలు మోగుతూనే ఉంటాయి. చోప్‌దార్ అక్కడికి వెళ్లి ఏమైందని అడగాలి. నీళ్లు రాలేదనో, తమ వరసలోకి ఎవరో చొరబడ్డారనో చెబుతారు. అది తేలాక పోయిన వస్తువులు, దొరికిన వస్తువుల సంగతి, రేపటి వేళలు. ఆ తర్వాత హారతి.

ఎవరికి వాళ్లు తమ వేగాన్ని వదులుకుని వరసలో నిలబడితే గొంతు కూడా వదులుకోవాల్సిందేనా అన్నది నా మనసులో మొదటి రోజు నుంచీ ఉన్న అనుమానం. సైనిక క్రమశిక్షణ అంటే నాకు భయమే. ఈ ఏర్పాటు చూశాక కొంత తగ్గింది. అందరూ మౌనంగా ఉండాల్సిన క్షణాన్నే ఫిర్యాదుకు అట్టేపెట్టారు. అప్పుడైతే ఒక్క దిండీ గోడు కూడా వినపడకుండా పోదు. మన కార్యాలయాల్లో గోడకు తగిలించిన ఫిర్యాదుల పెట్టెలకు ఇంత తెలివి లేదు.

కానీ అన్ని గోడులూ ఆ సాయంత్రాల్లో తేలలేదు. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే ఈ దారిలో నడిచి రాసిన వ్యాసం ప్రసిద్ధం. పండరికి నడిచి వెళ్లే జనం ఉన్న నేలే మహారాష్ట్ర అని తనకు కొత్త నిర్వచనం దొరికిందని అందులో అన్నారు. ఆ లెక్కన గుర్రాలు పంపే అంకలి, పండరికి పోయే ఆదిలాబాద్ పల్లెలు, సోలాపూర్‌లో తెలుగు మాట్లాడే పద్మశాలీల వీధులు కూడా మహారాష్ట్రలోకే రావాలి. మా ఇంట్లో ఈ మాట అంటే గొడవవుతుంది. అదే వ్యాసంలో కర్వే ఇంకొకటి కూడా చెప్పారు. ఒకే దిండీలో కలిసి నడిచి, కలిసి పాడినవాళ్లు వంట దగ్గరకు వచ్చేసరికి బ్రాహ్మణులు ఒకవైపు, మరాఠాలు ఒకవైపు విడిపోయేవారని, అది చూసి తనకు బాధ కలిగిందని. నేను తిన్న దిండీలో పిఠ్లా, భాకరీ అందరికీ ఒకే పొయ్యి నుంచి వచ్చాయి. అన్ని దిండీల తరఫున సాక్ష్యం చెప్పేంత నేను నడవలేదు.

వారీలో అంతా సమానమే అనే మాట వినిపించినప్పుడల్లా నాకు చోఖామేళా గుర్తొస్తాడు. అంటరానిదిగా చూసిన మహర్ కులంలో పుట్టిన పద్నాలుగో శతాబ్దపు భక్తకవి. ఆయన అభంగాలు దారి పొడవునా పాడతారు. బతికుండగా ఆయన్ని గుడిలోకి రానివ్వలేదు, సమాధి గుడి మెట్ల దగ్గర, బయట ఉంది. ఆయన జనానికి తలుపులు తెరవడానికి 1947లో సానే గురూజీ పండరిపురంలో నిరాహార దీక్ష చేయాల్సి వచ్చింది. బడ్వేలు, ఉత్పాత్‌ల వంశపారంపర్య పూజారి హక్కులు పోవడానికి సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చి 2014 దాకా పట్టింది. దారి మీద మావులీ అని పిలిచిన నోరే గడప దగ్గర ఆగమంది, అదీ శతాబ్దాలపాటు. కలిసి నడవడం వల్ల మనుషులు వాళ్లంతట వాళ్లే మారిపోతారన్న నమ్మకం నాకు లేదు. కలిసి నడిచినవాళ్లలో కొందరికి ఆ గడప దగ్గర సిగ్గు వేసింది. వాళ్లు పని చేశారు. దారి చేసిన మేలు ఏదైనా ఉంటే ఆ సిగ్గు పుట్టించడమే అనుకుంటాను.

ఇప్పుడు ఈ దారి 965 నంబరు జాతీయ రహదారి. నాలుగు వరసలు, పక్కన నడిచేవాళ్లకు విడిగా బాట. వెనకటికి పల్లకి వస్తే రోడ్డే తప్పుకునేది. ఇప్పుడు పల్లకికి తన పట్టీ తనకు ఉంది. కాంక్రీటు వేడికి అరికాళ్లు ఎలా ఉంటాయో పెద్దవాళ్లు చెప్పారు. అంబులెన్సు త్వరగా వస్తోందని కూడా వాళ్లే చెప్పారు. 2020లో, మరుసటి ఏడు మహమ్మారి వల్ల పాదుకలు పూలు కట్టిన ఆర్టీసీ బస్సెక్కి పండరికి వెళ్లాయి. ఆ సంగతి ఎత్తితే మా వీణ పెద్ద, పాదుకలు పోయాయి కదా, మనం పోతేనేం పోకపోతేనేం అన్నాడు. అన్నాక చాలాసేపు తాళం సరిచూసుకున్నాడు.

నా సెలవు ఫల్టణ్‌లో అయిపోయింది. నీరా కాలువ నీళ్లతో చెరకు పచ్చగా ఉన్న చోటు. బస్టాండుకు పోతూ తాళాల జత తిరిగి ఇచ్చేశాను. దిండీ పెద్ద దాన్ని వెంటనే ఇంకో కుర్రాడి చేతిలో పెట్టాడు. వరసలో నా చోటు ఖాళీ ఉన్నది ఆ కాసేపే. అంత త్వరగా పూడిపోవడం నాకు హాయిగా అనిపించింది, ఎందుకో చెప్పలేను.

మిగతా దారి సంగతులు ఫోన్‌లో విన్నాను. వాఖరీలో పల్లకిలన్నీ కలిశాయట. ఏకాదశి నాడు దర్శనం వరస మైళ్ల పొడవు ఉంటే మావాళ్లు అందులో నిలబడనే లేదట. చంద్రభాగలో మునిగి, దూరం నుంచి గుడి కలశానికి దండం పెట్టి, ద్వాదశి పారణ చేసి బస్సెక్కేశారు. కలుపు ఆగదు కదా అంది గంగాఖేడ్ ఆవిడ. ఇన్ని రోజులు నడిచి దేవుణ్ని చూడకుండా వచ్చేశారా అంటే, ఇన్ని రోజులూ పక్కనే నడిచాం కదా అని రథం సంగతి గుర్తుచేసింది.

పౌర్ణమి తర్వాత పల్లకి ఆళందికి తిరిగి వస్తుంది, అదీ నడకే. ఈ సంగతి ఫోన్‌లో దిండీ పెద్ద చెప్పేదాకా నాకు తెలియదు. జనం పల్చగా ఉంటారు, మజిలీలు పెద్దవి, పోయేటప్పుడు పట్టిన రోజుల్లో సుమారు సగంలో వచ్చేస్తుంది. దిండీ పెద్దకు నా కాళ్ల తీరు గుర్తున్నట్టుంది. "నీకు వడ్కీలోలాగా దాటుకుంటూ పోవాలని ఉంటే తిరుగు వారీకి రా మావులీ, అక్కడ నీ ముందు ఎవరూ ఉండరు" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. వచ్చే ఏడాది ఆషాఢానికి డబ్బు మాత్రం చైత్రంలోపే కట్టమన్నాడు.